గంట కొట్టే మనిషి వాంగ్మూలం

మార్చి. వెర్మాంట్‌లో దీన్ని బురద రుతువంటారు.
మంచు కరిగీ కరగక
దారులు చక్రాలను మింగే రోజులు.
మాంట్‌పీలియర్ శాసనసభలో పదకొండో నంబరు గది,
తలుపు దగ్గర బూట్ల వరస,
ఒక్కో జత కింద ఒక్కో ఊరి మడుగు.

ఈ రాష్ట్రంలో ఉన్న ప్రతి ఒంటికీ
రాష్ట్రమే పూచీ పడాలా, వద్దా?
మాట్లాడదలచినవాళ్ళకి తలా రెండు నిమిషాలు.
నా పని చిన్నది:
అర నిమిషం ఉందనగా పసుపు అట్ట ఎత్తడం,
అయిపోగానే గంట కొట్టడం.
గంట కొట్టే మనిషికి అభిప్రాయం ఉండకూడదు.
నియమావళి, నాలుగో పేజీ.

మొదట ఆల్డెన్ వీలాక్, గుర్రాలకు నాడాలు కొట్టే ముసలాయన.
కాగితం తేలేదు. టోపీ తిప్పుతూ అన్నాడు:
"గుర్రం కుంటితే ఆ సాయంత్రమే నాకు ఫోనొస్తుంది.
నేను పదకొండు నెలలు కుంటుకుంటూ తిరిగాను,
ఎవరికీ ఫోన్ చేయలేదు.
గుర్రానికి యజమాని ఉన్నాడు, అదీ తేడా."
ఇంకో నిమిషం మిగిలింది.
దాన్ని ఎవరికైనా ఇవ్వొచ్చా అని అడిగాడు.
కుదరదన్నారు.

తర్వాత ఒడీల్ గాన్యో. బేకరీ. ఆరుగురు పనివాళ్ళు.
తెల్లారకముందే పొయ్యి రాజేసి వచ్చింది,
మోచేతుల మీద ఇంకా పిండి.
"నేను శత్రువుని కాను.
జీతాల మీద పన్ను వందకి ఎంతో చెప్పకుండా
మంచో చెడో నేనెలా చెప్పను?
పిండి కొద్దీ రొట్టె, నాకు తెలిసింది అంతే.
మీరు రొట్టె కొలత చెప్పి పిండి నన్ను తెమ్మంటున్నారు.
ఆరుగురిలో ఒకరిని మానిపిస్తే సరిపోతుందేమో.
ఎవరిని? లూసియన్‌నా? వాడికి ఉబ్బసం."
ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను.
రాలేదు.

నది ఒడ్డు క్లినిక్ నుంచి నర్సు, తిల్‌మాయా ఘిమిరే:
"మా రోగుల్లో సగంమంది అవతలి ఒడ్డు, న్యూహాంప్‌షైర్.
ఇక్కడ పాల షెడ్డులో పని, అక్కడ పడక.
వంతెన మధ్యలో జ్వరమొస్తే
ఏ కాలు ఎటుందో చూసి మందివ్వాలా?"
గది నవ్వింది. పద్దులు రాసుకునే సలహాదారు నవ్వలేదు,
పెన్ను మూత పెట్టి కిటికీలోంచి చూశాడు.

బీమా కంపెనీ టై కట్టుకుని వచ్చింది.
ఎంపిక అన్న మాట తొమ్మిదిసార్లు వాడింది.
లెక్కపెట్టొద్దని నియమావళిలో లేదు.

నా ఎంపిక వంటింటి సొరుగులో ఉంది.
విడాకుల కాగితాలు, ఆరేళ్ళ నాటివి.
రోలండ్ సంతకం ఉంది, నాదీ ఉంది,
కోర్టుకి మాత్రం వెళ్ళలేదు.
అతని రంపపు మిల్లు ఇచ్చిన కార్డు మీద
కొట్టుకుంటోంది నా గుండె, దాని పక్కన కుట్టిన చిన్న యంత్రం.
సభ నడిచే నాలుగు నెలల కొలువు నాది,
దీనికి కార్డు ఇవ్వరు.
అతనిప్పుడు ఉండేది వేరొకావిడతో.
ఏటా క్రిస్మస్‌కి ఆవిడ నాకు
బీట్‌రూట్ ఊరగాయ సీసా పంపుతుంది.

చిట్టచివరి పేరు పిలిచారు: మార్సెలీన్ దుపుయ్.
ఊరగాయ ఆవిడే.

నా వైపు చూడలేదు. మైకుతో అంది:
"నేను పెళ్ళాడాలనుకునే మనిషికి పెళ్ళయింది.
వదిలెయ్యమని నేను అడగను.
అడిగితే ఒక మనిషి మందులు ఆగిపోతాయి.
నాకు యాభై ఎనిమిదేళ్ళు.
పెళ్ళికి తెల్ల గౌను వద్దులెండి, నీలంది కొని పెట్టుకున్నాను..."
అక్కడ గొంతు పట్టేసింది.
నీళ్ళు తాగింది. గ్లాసు దించింది. మళ్ళీ ఎత్తింది.

పసుపు అట్ట ఎత్తాను.
రెండు నిమిషాలు అయిపోయాయి.
గంట మీద చెయ్యి పెట్టి ఊరుకున్నాను.
అధ్యక్షుడు నన్ను చూశాడు.
వీలాక్ గారి నిమిషం ఒకటి మిగిలుందండీ, అన్నాను.
నియమావళి తిరగేసే ఓపిక ఎవరికీ లేదు అప్పటికి.

ఓటు జరగలేదు. ఇంకో అధ్యయనం, ఇంకో గురువారం.
బయట చీకటి. మార్సెలీన్ కారు
ఇరుసు దాకా బురదలో కూరుకుపోయింది.
తోయడానికి వంగబోతే నా భుజం పట్టుకుని ఆపింది.
"నువ్వు కాదు. స్టీరింగ్ దగ్గర కూర్చో."

వెనక కుంటికాలు ముసలాయన, పక్కన ఆవిడ,
అద్దంలో ఇద్దరి ఊపిరీ తెల్లగా.
మూడో తోపుకి కదిలింది.